పాత బండి, కొత్త పెట్రోల్: లెడ్ లేకపోతే ఇంజిన్ పోతుందా, ఈ20తో పోతుందా?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటి కారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇస్తే, ఆయన పోయాక వచ్చిన బండి. ఆ కారు గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోని విషయం ఒకటుంది. పెట్రోల్‌లో లెడ్ కలిపి అమ్మడం మొదలైందే 1923లో. అంటే ఆ సిల్వర్ గోస్ట్ పుట్టింది అన్‌లెడెడ్ పెట్రోల్ కాలంలోనే.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పాత బళ్ల గురించి మాట వచ్చినప్పుడల్లా "ఇప్పటి పెట్రోల్‌లో లెడ్ లేదు, పాత ఇంజిన్ పాడైపోతుంది" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఇంట్లో తాతగారి అంబాసిడర్ ఉన్నవాళ్లకి, నాన్న దాచుకున్న ఆర్‌ఎక్స్ 100 బయటకి తీద్దామనుకునేవాళ్లకి, సెకండ్ హ్యాండ్‌లో ప్రీమియర్ పద్మిని వెతుకుతున్నవాళ్లకి మొదట వచ్చే డౌట్ ఇదే. ఈ మధ్య దానికి ఈ20 భయం కూడా తోడైంది. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. రెండింటినీ కలిపేసి చూడటం వల్లే జనం అక్కర్లేని సీసాలు కొని, కావాల్సిన గొట్టం మార్చకుండా వదిలేస్తున్నారు. అందుకే విడివిడిగా చూద్దాం.

లెడ్ ఎందుకు కలిపారు?

1921 డిసెంబర్‌లో అమెరికాలోని డేటన్‌లో, జనరల్ మోటార్స్ ల్యాబ్‌లో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీర్ ఒక విషయం కనిపెట్టాడు. టెట్రాఇథైల్ లెడ్ అనే పదార్థం పెట్రోల్‌లో కొంచెం కలిపితే ఇంజిన్ నాకింగ్ ఆగిపోతుంది. నాకింగ్ అంటే తెలుసుగా? సిలిండర్‌లో మంట వరసగా పాకాల్సింది పోయి, మిగిలిన పెట్రోల్ ఆవిరి ఒక్కసారిగా దానంతటదే అంటుకోవడం. బయటకి టింగ్ టింగ్ మని వినిపిస్తుంది. ఎక్కువైతే పిస్టన్‌కే చిల్లు పడుతుంది. దీన్ని తట్టుకునే శక్తికే ఆక్టేన్ నంబర్ అని పేరు.

ఇథనాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని ఆ ల్యాబ్‌కి అప్పటికే తెలుసు. కానీ ఇథనాల్ అయితే లీటర్లకి లీటర్లు కలపాలి. లెడ్ అయితే లీటరుకి గ్రాము అటూఇటూ చాలు, పైగా పేటెంట్ కూడా దొరుకుతుంది. దాంతో లెడ్ గెలిచింది. అప్పట్లో పక్కన పెట్టిన ఇథనాలే వందేళ్ల తర్వాత మన బంకుల్లోకి ఈ20 రూపంలో తిరిగొచ్చింది. ఆ కథకి తర్వాత వద్దాం.

లెడ్ విషమని తెలియక వాడలేదు. 1924 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ పదార్థం తయారుచేస్తున్న కార్మికులు ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే మిడ్జ్‌లీ విలేకరుల ముందు దాంతో చేతులు కడుక్కుని, ఆవిరి పీల్చి ఏమీ కాదని చూపించాడు. తర్వాత యాభై ఏళ్లు ప్రపంచమంతా అదే పెట్రోల్ పోసుకుంది. సైలెన్సర్‌లోంచి బయటకొచ్చిన లెడ్ పిల్లల రక్తంలోకి, మెదడులోకి చేరింది. అమెరికాలో 1976 నుంచి 1980 మధ్య పెట్రోల్‌లో లెడ్ తగ్గుతూ పోయేసరికి జనం రక్తంలో సగటు లెడ్ కూడా మూడో వంతుకు పైగా తగ్గింది. అంత నేరుగా ఉంది సంబంధం.

మన దేశంలో 1994లో నాలుగు మెట్రో నగరాల్లో లీటరుకి 0.15 గ్రాముల లో-లెడ్ పెట్రోల్ వచ్చింది. 1995 ఏప్రిల్ నుంచి అక్కడ కొత్త పెట్రోల్ కార్లకి కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. లెడ్ తగిలితే కన్వర్టర్ పనికిరాకుండా పోతుంది కాబట్టి, దాంతోపాటే అన్‌లెడెడ్ పెట్రోల్ కూడా తెచ్చారు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అన్‌లెడెడే. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021 జూలైలో ఆపేసింది. అంటే "ఇప్పటి పెట్రోల్‌లో లెడ్ లేదు" అనే మాటకి మన దగ్గర పాతికేళ్లు దాటిపోయాయి.

మరి పాత ఇంజిన్‌కి లెడ్‌తో పనేంటి?

కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక లైబ్రరీని ఒక పని కోసం వాడతాం. దానికి ఇంకో సైడ్ ఎఫెక్ట్ ఉంటుంది. కొన్నాళ్లకి మన ప్రోగ్రామ్ ఆ సైడ్ ఎఫెక్ట్ మీదే ఆధారపడిపోతుంది. లైబ్రరీ తీసేసిన రోజు, ఎవరూ ఊహించని చోట క్రాష్ అవుతుంది.

లెడ్ కలిపింది ఆక్టేన్ కోసం. సైడ్ ఎఫెక్ట్ మాత్రం ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర పనిచేసింది. ఎగ్జాస్ట్ వాల్వ్ ఎర్రగా కాలుతూ, 700 డిగ్రీల దాకా వేడెక్కి, మూసుకున్న ప్రతిసారీ సిలిండర్ హెడ్‌లోని సీటు మీద వచ్చి కొడుతుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే వాల్వ్ నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు మూసుకుంటుంది. అదే స్పీడ్‌లో నాలుగున్నర గంటలు నడిపితే, హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేలోపు ఒక్కో వాల్వ్ సుమారు 4 లక్షల సార్లు సీటుని కొట్టినట్టు.

ఆ వేడిలో మెత్తటి కాస్ట్ ఐరన్ సీటు, వాల్వ్ ముఖం రెండూ అణువంత చోట్ల అతుక్కుంటాయి. వాల్వ్ తెరుచుకునేటప్పుడు ఆ అతుకు ఊడి, సీటులోంచి చిన్న ముక్క లేచొస్తుంది. ఆ ముక్కే తర్వాత గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఇలా వాల్వ్ మెల్లగా హెడ్‌లోకి దిగిపోతుంది. దీన్నే వాల్వ్ సీట్ రిసెషన్ అంటారు. లెడ్ ఉన్న రోజుల్లో, అది కాలాక వచ్చే లెడ్ సమ్మేళనాలు సీటు మీద సన్నటి పొర కట్టి లోహం లోహానికి అతుక్కోకుండా ఆపేవి. కావాలని చేసిన పని కాదు, కానీ కంపెనీలు మెత్తటి సీట్లతోనే ఇంజిన్లు చేయగలిగాయంటే ఆ పొర చలవే.

లెడ్ పోయాక కంపెనీలు సీట్లు గట్టిపరిచాయి. కొన్ని కాస్ట్ ఐరన్ సీట్లనే వేడిచేసి గట్టిచేశాయి, కొన్ని గట్టి లోహంతో చేసిన రింగ్ విడిగా దిగ్గొట్టాయి. మొదటి నుంచీ అల్యూమినియం హెడ్ వాడిన ఇంజిన్లకి ఈ సమస్య దాదాపు లేదు. అల్యూమినియం వాల్వ్ దెబ్బలు తట్టుకోలేదు కాబట్టి వాటికి ఎప్పుడైనా విడి సీటు రింగ్ పెట్టాల్సిందే.

మీ బండి ఏ లిస్టులో ఉంది?

ముందు టూ వీలర్ల సంగతి తేల్చేద్దాం. యమహా ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ, జావా, పాత బజాజ్ చేతక్ ఇవన్నీ టూ స్ట్రోక్. వీటిలో కార్ల మాదిరి ఎగ్జాస్ట్ వాల్వ్, సీటు అనేవే ఉండవు, సిలిండర్ గోడలో రంధ్రాలే ఉంటాయి. కాబట్టి లెడ్ లేదని వీటికి ఏ ఇబ్బందీ లేదు. "ఆర్‌ఎక్స్‌కి లెడ్ సబ్‌స్టిట్యూట్ పొయ్యి మామా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. పాత బుల్లెట్‌ని కాస్ట్ ఐరన్ ఇంజిన్ అంటాం గానీ, కాస్ట్ ఐరన్‌ది బ్యారెల్. హెడ్ అల్యూమినియమే, సీటు విడిగా ఉంటుంది.

కార్లలో మారుతి 800ది అల్యూమినియం హెడ్. ప్రీమియర్ పద్మినిలో ఉన్న 1089 సీసీ ఫియట్ ఇంజిన్‌కి కూడా బ్లాక్ కాస్ట్ ఐరన్, హెడ్ అల్యూమినియం. ఇవి సేఫ్ జోన్.

అసలు జాగ్రత్త పడాల్సింది హెడ్ కూడా కాస్ట్ ఐరన్ అయిన ఇంజిన్లకి. మన దగ్గర వాటిలో ముందు వరసలో ఉండేది పాత పెట్రోల్ అంబాసిడర్. బ్రిటిష్ బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ 1489 సీసీ ఇంజిన్ అది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఈ కోవలోదే. 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ వేరు, డీజిల్ అంబాసిడర్ అసలు వేరు. కాబట్టి "అంబాసిడర్‌కి ఏం చేయాలి" అని అడిగేముందు బానెట్ ఎత్తి, లోపల ఉన్నది ఏ ఇంజినో చూడండి.

కాస్ట్ ఐరన్ హెడ్ అయినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. సీటు అరుగుదల వాడకం మీద ఆధారపడుతుంది. అమెరికాలో 1980ల్లో వ్యవసాయ ఇంజిన్ల మీద జరిగిన పరీక్షల్లో తేలింది ఇదే: ఎక్కువ లోడ్, ఎక్కువ ఆర్‌పీఎమ్ మీద గంటల తరబడి నడిపితే సీట్లు గబగబా అరిగాయి. తేలిక పనికి వాడిన ఇంజిన్లలో అరుగుదల చాలా తక్కువ. 1982-83లో ఎన్టీఆర్ చైతన్య రథంగా మార్చిన పాత షెవ్రొలే వ్యాన్ రాష్ట్రమంతా తిరిగింది చూడండి, అలాంటి వాడకంలో సీటు మీద పడే భారం వేరు. ఆదివారం పొద్దున కాలనీ చుట్టూ తిరిగి టిఫిన్ చేసి వచ్చే అంబాసిడర్ మీద పడే భారం వేరు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2000 తర్వాత ఈ పాతికేళ్లలో మీ బండి హెడ్ ఒక్కసారైనా దింపి, లేత్ షాపులో కొత్త సీటు రింగులు వేయించి ఉంటే సమస్య అప్పుడే తీరిపోయింది. పాత బిల్లులు వెతకండి, లేదా బండిని ఎప్పటినుంచో చూస్తున్న మెకానిక్‌ని అడగండి. ఎలాగూ హెడ్ దింపే పని పడితే అప్పుడే గట్టి సీట్లు వేయించేయడం మంచిది. బాగా నడుస్తున్న ఇంజిన్‌ని కేవలం భయంతో విప్పించడం మాత్రం డబ్బు దండగ.

సైలెంట్ అయిన ఇంజిన్‌ని నమ్మొద్దు

సీటు అరుగుతోందని తెలుసుకోవడం ఎలా? ఇక్కడే చాలామంది మోసపోతారు. వాల్వ్ హెడ్‌లోకి దిగేకొద్దీ దాని తోక పైకి లేస్తుంది. దాంతో టాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే టకటక శబ్దం కూడా తగ్గుతుంది. బయటివాళ్లకి "ఇంజిన్ స్మూత్‌గా అయింది" అనిపిస్తుంది. కానీ గ్యాప్ పూర్తిగా పోయిన రోజు వాల్వ్ సరిగ్గా మూసుకోదు. మూసుకోకపోతే అది తన వేడిని సీటుకి అందించలేదు, ఆ సందులోంచి మంట దూరుతుంది, వాల్వ్ అంచు కాలిపోతుంది. కంప్రెషన్ పోయి బండి ఒక సిలిండర్ తక్కువగా నడుస్తుంది. అంటే శబ్దం చేసే టాపెట్ కన్నా నోరు మూసుకున్న టాపెట్ ప్రమాదం.

కాబట్టి చేయాల్సింది లాగింగ్. ఒక ఫీలర్ గేజ్ కొనండి, మెకానిక్ షాపుల్లో ఫిల్లర్ గేజ్ అంటారు. మాన్యువల్‌లో చెప్పిన గ్యాప్ సెట్ చేయించి, ప్రతి రెండు మూడు వేల కిలోమీటర్లకి ఎగ్జాస్ట్ వాల్వ్‌ల గ్యాప్ కొలిచి ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి. నాలుగు సిలిండర్లకి నాలుగు కాలమ్స్ చాలు. నాలుగైదు సార్లు కొలిచినా అంకెలు కదలకపోతే మీ సీట్లు బాగున్నట్టే, లెడ్ గురించి మర్చిపోండి. ఏదో ఒక సిలిండర్ దగ్గర ప్రతిసారీ గ్యాప్ తగ్గుతూ పోతుంటే అక్కడ సీటు దిగుతోందని అర్థం. భయం, ధైర్యం రెండూ అంకెలు చూశాకే.

మన సైట్ చదివేవాళ్లకి నచ్చే టూల్స్ కూడా ఇందులో ఉన్నాయి. ఫోన్‌కి టైప్-సీ పోర్ట్‌లో తగిలించే ఎండోస్కోప్ కెమెరాలు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. 5.5 మి.మీ. తల ఉన్నది తీసుకుంటే స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి సులువుగా దూరుతుంది. మామూలు కెమెరా ఎదురుగా ఉన్న పిస్టన్‌నే చూపిస్తుంది. వాల్వ్ పైన ఉంటుంది కాబట్టి పక్కకి చూపించే అద్దం గానీ రెండో కెమెరా గానీ ఉన్న మోడల్ చూడండి. ఇంజిన్ బాగా చల్లారాకే లోపల పెట్టాలి, లేకపోతే కెమెరా తల కరిగిపోతుంది. వాల్వ్ అంచు చుట్టూ రంగు సమానంగా ఉంటే మంచిదే. ఒకచోట మాత్రం తెల్లగానో, చెక్కినట్టో కనిపిస్తే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఎండోస్కోప్ చూపించేది బొమ్మ, కంప్రెషన్ గేజ్ చూపించేది నిజం. రెండింట్లో ఒక్కటే కొనగలిగితే గేజ్ కొనండి.

సీసాలు, బూస్టర్లు, విమానం పెట్రోల్

లెడ్ సబ్‌స్టిట్యూట్ పేరుతో అమ్మే వాటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. ఫాస్ఫరస్, పొటాషియం, సోడియం, మాంగనీస్ లాంటి వాటి సమ్మేళనాలు సీటు మీద లెడ్ మాదిరే పొర కడతాయి. బ్రిటన్‌లో లెడ్ ఆపేయబోయే ముందు పాత వాహనాల క్లబ్బుల సమాఖ్య ఇలాంటి వాటిని ఇంజిన్ మీద పరీక్షించి, పాసైన వాటికి ఆమోదం ఇచ్చింది కూడా. కాస్ట్ ఐరన్ హెడ్ ఉండి, సీట్లు మార్చకుండా, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు వాడితే అర్థముంది. ఒకటే షరతు: ఒక రకం మొదలుపెట్టాక ఇంకో రకంతో కలపకూడదు.

ఆక్టేన్ బూస్టర్ సంగతి వేరు. యూట్యూబ్‌లో బ్రిటిష్, అమెరికన్ వీడియోలు చూసి మనవాళ్లు తడబడేది ఇక్కడే. అక్కడి పాత స్పోర్ట్స్ కార్లలో కంప్రెషన్ 9, 10 దాకా ఉండేది, వాటికి 98-100 ఆక్టేన్ లెడెడ్ పెట్రోల్ అలవాటు. లెడ్ పోగానే వాటికి నాకింగ్ మొదలైంది. మన అంబాసిడర్ కంప్రెషన్ 7 పైచిలుకు మాత్రమే. అప్పట్లో మన మామూలు పెట్రోలే 87 ఆక్టేన్. ఆ తర్వాత అది 91కి పెరిగింది, ఇప్పుడు ఈ20 ప్రమాణం 95. అంటే మీ తాతగారు పోయించిన దానికన్నా మీరు పోయిస్తున్న పెట్రోల్ ఆక్టేన్‌లో చాలా ముందుంది. దాని మీద మళ్లీ బూస్టర్ పోయడం, 60 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్న ఫోన్‌లో 120 ఎఫ్‌పీఎస్ గేమ్ ఆన్ చేయడం లాంటిది. పెట్రోల్ గొట్టానికి కట్టే అయస్కాంతాలైతే ఇక చెప్పక్కర్లేదు, వాటి నుంచి సీటు మీద ఏ పొరా రాదు.

చిన్న విమానాల పెట్రోల్‌లో ఇంకా లెడ్ ఉంటుంది, అది సంపాదించి పోద్దామనే ఐడియా కూడా అప్పుడప్పుడూ వినిపిస్తుంది. వద్దు. అందులో లెడ్ లీటరుకి 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు. సైలెన్సర్ వెనక నిలబడి బండిని చూసి మురిసిపోయేది మన ఇంట్లో పిల్లలే. వాల్వ్ సీటు మార్పించుకోవచ్చు, పిల్లల మెదడు మార్పించుకోలేం.

అసలు విలన్ ఎవరు? ఈ20 సంగతి

లెడ్ భయం పాతికేళ్ల పాతది. ఇవాళ్టి పాత బండికి నిజంగా తలనొప్పి తెచ్చేది ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకాలు మొదలయ్యాయి, 2025కల్లా దేశమంతా మామూలు పెట్రోల్ అంటే ఈ20 అన్నట్టు అయిపోయింది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మేలా ఆదేశించాలని వేసిన పిల్‌ని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి పెట్రోల్ మారుతుందని ఎదురుచూడకుండా బండిని సిద్ధం చేసుకోవడమే దారి.

ఇథనాల్ మూడు పనులు చేస్తుంది.

మొదటిది, మిశ్రమం పలచబడటం. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలే చాలు. లెక్క వేస్తే ఈ20కి సుమారు 13.5 వస్తుంది. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ వెంటనే పెట్రోల్ పెంచుతుంది, అది ఫీడ్‌బ్యాక్ లూప్. కార్బ్యురేటర్‌కి ఫీడ్‌బ్యాక్ లేదు. అందులో ఇత్తడి జెట్‌కి ఉన్న రంధ్రమే హార్డ్‌కోడ్ చేసిన విలువ. పాత పెట్రోల్‌కి సెట్ చేసిన జెట్‌తో ఈ20 పోస్తే మిశ్రమం దాదాపు 8 శాతం లీన్ అవుతుంది. పొద్దున్నే స్టార్ట్ కాదు, పికప్ తడబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. వేడెక్కితే ఎగ్జాస్ట్ వాల్వ్ కూడా వేడెక్కుతుంది, అంటే పైన చెప్పుకున్న సీటు సమస్యకి ఇది ఆజ్యం పోస్తుంది.

దీనికి పరిష్కారం చవకే. జెట్‌లో పెట్రోల్ పారే మోతాదు రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మి.మీ. అని అర్థం. దాన్ని 125 చేస్తే వైశాల్యం 8 శాతం పైన పెరుగుతుంది. సరిగ్గా మనకి కావాల్సింది అంతే. మీ బండికి ఇదే సరిపోతుందని గుడ్డిగా మార్చకండి, ఒక సైజు పెంచి, హైవే మీద నడిపి, స్పార్క్ ప్లగ్ రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకా లీన్, నల్ల మసి ఉంటే ఎక్కువైంది, కాఫీ రంగులో ఉంటే సరిపోయింది. కచ్చితమైన అంకె కావాలనుకునే గీక్స్ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్ ఉన్న వైడ్‌బ్యాండ్ మీటర్ సైలెన్సర్ పైపులో బిగించుకోవచ్చు. పాత కారు ట్యూనింగ్‌కి అంతకు మించిన గ్యాడ్జెట్ లేదు.

మైలేజ్ కూడా కొంత తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే 6-7 శాతం తగ్గుదల. ఇథనాల్ ఊసే లేకుండా డిజైన్ చేసిన కార్లకి నీతి ఆయోగ్ రిపోర్ట్ వేసిన అంచనా కూడా దాదాపు ఇంతే.

రెండోది, నీళ్లు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి షెడ్‌లో నిలబడే బండిలో ఇదే ప్రమాదం. వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న ట్యాంక్ అయితే మరీను. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి ట్యాంక్ అడుగున విడిగా పేరుకుంటాయి. ట్యాంక్ తుప్పు పడుతుంది, కార్బ్యురేటర్ లోపల తెల్లటి పొడి కడుతుంది. అందుకే నిలబెట్టే బండికి ట్యాంక్ నిండుగా ఉంచాలి, లేదా పూర్తిగా దించేయాలి. కార్బ్యురేటర్ బౌల్‌లో మిగిలింది కాలిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపాలి. రెండు వారాలకి ఒకసారైనా బండి తీసి తిప్పడం అన్నిటికన్నా మంచి మందు.

మూడోది, గొట్టం. దయచేసి దీన్ని దాటెయ్యకండి

పాత బళ్లలో పెట్రోల్ గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, కార్క్ ప్యాకింగులు ఇథనాల్ ఊహ కూడా లేని కాలంలో తయారయ్యాయి. ఇథనాల్ తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఇంకొన్ని బిగుసుకుని పగుళ్లిస్తాయి. పైకి నల్లగా, బాగానే కనిపించే గొట్టం లోపలినుంచి పొరలు పొరలుగా ఊడుతుంటుంది.

ఇప్పుడు పాత కారు బానెట్ కింద ఆ గొట్టం ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. చాలా పాత ఇంజిన్లలో కార్బ్యురేటర్‌కి దగ్గర్లోనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. పక్కనే డిస్ట్రిబ్యూటర్, స్పార్క్ తీగలు. పగిలిన గొట్టంలోంచి పడే చుక్క కాలుతున్న ఇనుము మీద పడుతుంది. వాల్వ్ సీటు అరిగితే ఖర్చు. ఇక్కడ తేడా వస్తే బండే ఉండదు, లోపల ఉన్నవాళ్ల ప్రాణాల మీదకొస్తుంది.

లెడ్ సబ్‌స్టిట్యూట్ సీసా కోసం వెతికే ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: పెట్రోల్ గొట్టం ఎప్పుడు మార్చారు? దీనికి సమాధానం తెలియకపోతే ముందు ఆ పని చేయండి. లోపలి పొర వైటాన్ రబ్బరుతో ఉన్న, మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు వేసిన గొట్టం అడగండి. మీటర్ లెక్కన మామూలు గొట్టం కన్నా ఖరీదెక్కువే, కానీ కారు మొత్తానికి కావాల్సింది కొద్ది మీటర్లే. క్లిప్పులు కూడా కొత్తవి వేయించండి. పంపు డయాఫ్రమ్, కార్బ్యురేటర్ కిట్ ఇథనాల్‌కి తట్టుకునే రకమా అని అడిగి తీసుకోండి. మార్చాక వారం రోజులు, బండి ఆపిన ప్రతిసారీ బానెట్ ఎత్తి వాసన చూడండి. కారులో ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచండి, డిక్కీలో కాదు, సీటు దగ్గర చేతికందేలా.

టూ స్ట్రోక్ బళ్లకి కూడా ఈ మాట వర్తిస్తుంది. ఆర్‌ఎక్స్ 100కి లెడ్ బాధ లేదన్నాం కానీ గొట్టం, పెట్రోల్ కాక్ వాషర్, కార్బ్యురేటర్ ఓ-రింగులు దానికీ ఉన్నాయి. పైగా లీన్ మిశ్రమంతో టూ స్ట్రోక్ పిస్టన్ పట్టేసే ప్రమాదం ఎక్కువ, కాబట్టి జెట్ చెకింగ్ దానికే ముందు చేయాలి.

ఎండాకాలం చికాకు

మే నెలలో ట్రాఫిక్‌లో ఆగిన పాత కారు మళ్లీ స్టార్ట్ కాకపోవడం చాలామంది చూసే ఉంటారు. ఇంజిన్‌కి అంటుకుని ఉన్న పంపులో, గొట్టంలో పెట్రోల్ ఆవిరైపోయి బుడగలు కట్టడమే దీనికి కారణం. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లో ఈ బాధ ఇంకొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. గొట్టాన్ని మానిఫోల్డ్‌కి దూరంగా జరిపి కట్టడం, దాని మీద వేడి ఆపే తొడుగు వేయడం, రేడియేటర్ శుభ్రంగా ఉంచడం, ఇవే పనిచేసే చిట్కాలు. తడిగుడ్డ వేసి చల్లార్చే పాత డ్రైవర్ల పద్ధతి కూడా పంపు మీద బాగానే పనిచేస్తుంది, స్పార్క్ తీగల మీద మాత్రం నీళ్లు పడనివ్వకండి.

ఫైనల్ వర్డిక్ట్

టూ స్ట్రోక్ బైక్ లేదా స్కూటర్: లెడ్ గురించి ఆలోచించొద్దు. గొట్టం, వాషర్లు, జెట్ చూసుకోండి.

అల్యూమినియం హెడ్ ఉన్న కారు లేదా బుల్లెట్: లెడ్ సమస్య లేదు. ఈ20కి గొట్టాలు, డయాఫ్రమ్, ట్యూనింగ్.

కాస్ట్ ఐరన్ హెడ్, తక్కువ వాడకం: టాపెట్ గ్యాప్ లాగ్ పెట్టుకోండి. అంకెలు కదలకపోతే ఏ సీసా అక్కర్లేదు.

కాస్ట్ ఐరన్ హెడ్, హైవే వాడకం: గ్యాప్ తగ్గుతుంటే సబ్‌స్టిట్యూట్‌తో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. హెడ్ దింపిన రోజు గట్టి సీట్లు వేయించండి, ఇక ఆ చాప్టర్ క్లోజ్.

ఏ బండి అయినా సరే, మొదటి ఖర్చు మాత్రం గొట్టం మీదే.

ఒక ఫోన్‌కి ఏడేళ్లు అప్‌డేట్స్ ఇస్తామంటే మనం అబ్బో అనుకుంటాం. అరవై ఏళ్ల నాటి ఇంజిన్‌ని ఒక ఫీలర్ గేజ్, ఒక ఇత్తడి జెట్, రెండు మీటర్ల గొట్టంతో ఇవాళ్టి పెట్రోల్ మీద నడిపించొచ్చు. అప్‌డేట్ పంపడానికి ఆ కంపెనీ లేకపోయినా ఫర్వాలేదు, మాన్యువల్ చదివే ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో ఒకరుంటే చాలు. ఈ ఆదివారం బానెట్ ఎత్తి గొట్టం నొక్కి చూడండి. మెత్తగా ఉబ్బినట్టున్నా, గట్టిగా బిగుసుకుపోయినా, అది మార్చేదాకా తాళం తిప్పొద్దు.